ఆస్పత్రిలో చేరిన షుగర్ రోగికి పంపు మంచిదా? సూదులు మంచివా?



"సిస్టరమ్మా, మా నాన్నకు రోజుకు నాలుగుసార్లు సూది పొడుస్తున్నారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, అక్కడ పంపు పెడతారట, ఇన్నిసార్లు పొడవక్కర్లేదట అంటున్నాడు. ఎంతవుతుందో చెప్పండి. ఈ గాజులు అమ్మి అయినా తెస్తాం."

మగవాళ్ల వార్డులో ఒక కూతురు మమ్మల్ని అడిగిన మాట ఇది. ఆమె తండ్రికి అరవై దాటాయి. పొలంలో ముల్లు గుచ్చుకుంటే, షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గిపోయి ఆయనకు నొప్పి తెలియలేదు. పుండుపడి చీముపట్టి వాసన వచ్చాక ఆస్పత్రికి తీసుకొచ్చారు. చేరిన రోజు ఆయన షుగర్ 412. ఆ కూతురు బాధ మాకు అర్థమైంది. తండ్రికి ఉన్నవాటిలో మంచి వైద్యం ఇప్పించాలి, బీదతనం వల్ల ఆయనకు ఏదీ తక్కువ కాకూడదు అన్నదే ఆమె తపన.

ఇలాంటి ప్రశ్న మాకు ఈ మధ్య తరచుగా వస్తున్నది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. అంటే ప్రతి వీధిలోనూ ఒకరో ఇద్దరో ఉన్నట్టే. అందుకే ఈ సంచికలో ఈ విషయం కాస్త వివరంగా రాస్తున్నాం. మేము చెప్పేది ముఖ్యంగా రెండవ రకం మధుమేహం గురించి. పెద్దవయసులో మొదలై, చాలాకాలం మాత్రలతో నడిచే రకం ఇదే.

ఆస్పత్రిలో చేరగానే షుగర్ ఎందుకు పెరుగుతుంది?

"ఇంటి దగ్గర 180 ఉండేది, ఇక్కడికొచ్చాక 300 అయింది" అని చాలామంది ఆశ్చర్యపోతారు. కొందరు మమ్మల్ని అనుమానిస్తారు కూడా. కారణం ఉంది. జ్వరం, చీము, గాయం, గుండెపోటు, ఆపరేషన్ వంటి కష్టం వచ్చినప్పుడు శరీరం ఆ కష్టాన్ని తట్టుకోవడానికి కొన్ని హార్మోన్లను ఎక్కువగా వదులుతుంది. అవి కాలేయంలో దాచి ఉంచిన చక్కెరను రక్తంలోకి తోస్తాయి. ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. దీనికితోడు ఆయాసానికి స్టెరాయిడ్ మందు ఇవ్వవలసి వస్తే షుగర్ ఇంకా ఎగబాకుతుంది.

మరి మాత్రలు ఎందుకు ఆపుతారు? మాత్ర మింగాక దాని పని మన చేతుల్లో ఉండదు. రోగి వాంతులు చేసుకోవచ్చు. ఆపరేషన్ కోసం పస్తు ఉండవలసి రావచ్చు. మూత్రపిండాలు నీరసించవచ్చు. అలాంటప్పుడు కొన్ని మాత్రలు షుగర్‌ను ప్రమాదకరంగా పడగొడతాయి. మెట్‌ఫార్మిన్‌ను మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నప్పుడు వాడకూడదు. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే రకం మాత్రలను ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందే ఆపుతారు. ఇన్సులిన్ మోతాదును మాత్రం పూటపూటకూ మార్చుకోవచ్చు. అందుకే ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు చాలామందికి ఇన్సులిన్ ఇస్తాం.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. "ఇన్సులిన్ మొదలుపెట్టారంటే ఇక ఆఖరి దశే" అని కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. అది నిజం కాదు. పుండు మాని, జ్వరం తగ్గి ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ మాత్రలకు మారేవారు ఎందరో ఉన్నారు.

ఆరోగ్యంగా ఉన్న శరీరం ఏం చేస్తుంది?

పంపుకూ సూదికీ తేడా తెలియాలంటే ముందు ఇది తెలియాలి. కడుపులో ఉండే క్లోమగ్రంథి రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. మనం తినకపోయినా, నిద్రపోతున్నా ఈ సన్నటి ధార ఆగదు. ఇది కాక, అన్నం తిన్న ప్రతిసారీ ఒక్కసారిగా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. బావిలో ఊట ఎప్పుడూ ఉంటుంది, అవసరమైనప్పుడు బిందెలతో తోడుకుంటాం కదా, అలాగన్నమాట. సూదులతో చేసినా, పంపుతో చేసినా, మనం చేసే పని ఈ రెండింటినీ బయటనుంచి అందించడమే.

రోజూ ఇచ్చే సూదులు ఎలా పనిచేస్తాయి?

సూదుల పద్ధతిలో రెండు రకాల ఇన్సులిన్ వాడతాం. మొదటిది రోజుకు ఒకసారి ఇచ్చే దీర్ఘకాల ఇన్సులిన్. గ్లార్జిన్ వంటిది సుమారు 24 గంటలు సన్నగా పనిచేస్తుంది. ఇది ఊట. రెండవది భోజనానికి ముందు ఇచ్చే పొట్టి ఇన్సులిన్. ఇందులో పాతదైన రెగ్యులర్ ఇన్సులిన్ పని మొదలుపెట్టడానికి అరగంట పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. కొత్తరకం వేగపు ఇన్సులిన్ 10, 15 నిమిషాలలో మొదలై మూడు నుంచి ఐదు గంటలలో ముగుస్తుంది. ఇవి బిందెలు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు, పడుకునే ముందు ఒకటి, మొత్తం నాలుగు సూదులు. పెద్దాయనకు నాలుగుసార్లు పొడిచింది ఇందుకే.

మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఆరేసి గంటలకు షుగర్ చూసి, పెరిగితే ఇన్ని యూనిట్లు, ఇంకా పెరిగితే అన్ని యూనిట్లు అని గోడకు అంటించిన పట్టిక ప్రకారం ఇచ్చేవాళ్లం. పెరిగాక దాని వెంట పరుగెత్తడమే తప్ప, పెరగకుండా ఆపడం ఉండేది కాదు. 2007లో అమెరికాలో రెండవ రకం మధుమేహంతో ఆస్పత్రిలో చేరిన 130 మంది మీద చేసిన పరిశోధన వెలువడింది. పట్టిక ప్రకారం ఇచ్చినవారిలో 38 శాతం మందికే షుగర్ 140 కంటే తగ్గింది. ఊట, బిందె పద్ధతిలో ఇచ్చినవారిలో 66 శాతం మందికి తగ్గింది. 2011లో ఆపరేషన్ రోగుల మీద అదే బృందం మరో పరిశోధన చేసింది. పట్టిక పద్ధతిలో 24 శాతం మందికి గాయాలు చీముపట్టడం, నిమోనియా వంటి చిక్కులు వస్తే, ఈ పద్ధతిలో సుమారు 9 శాతం మందికే వచ్చాయి. ఇంత తేడా తెచ్చింది కొత్త యంత్రం కాదు. అదే సూదిని సరైన వేళకు, సరైన లెక్కతో ఇవ్వడమే.

పంపు అంటే ఏమిటి?

ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటోలో కనుగొన్నారు. 1922 జనవరిలో మొదటిసారి ఒక రోగికి ఇచ్చారు. ఆనాటి నుంచి దశాబ్దాల పాటు సూది ఒక్కటే మార్గం. 1960ల మొదట్లో లాస్ ఏంజెలిస్‌లో డాక్టర్ ఆర్నాల్డ్ కాడిష్ తయారుచేసిన మొదటి పంపును వీపుకు సంచిలా తగిలించుకోవలసి వచ్చేది. 1978లో లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యులు చిన్న పంపుతో చర్మం కింద నిరంతరం ఇన్సులిన్ ఇవ్వవచ్చని చూపించారు. ఇప్పటి పంపు చిన్న సెల్ ఫోన్ అంత ఉంటుంది. నడుముకు తగిలించుకోవచ్చు. గొట్టం లేకుండా చర్మానికే అంటుకునే రకాలు కూడా ఉన్నాయి.

పంపులో ఇన్సులిన్ నింపిన చిన్న డబ్బా ఉంటుంది. దాని నుంచి సన్నటి గొట్టం, గొట్టం చివర చర్మం కింద ఉండే మెత్తటి కాన్యులా. పంపులో వేగపు ఇన్సులిన్ ఒక్కటే వాడతారు. అది కొద్ది నిమిషాలకొకసారి బొట్టులో వంతుగా లోపలికి పోతుంది. భోజనం చేసేటప్పుడు మీట నొక్కితే ఆ పూటకు కావలసిన మోతాదు పోతుంది. కాన్యులాను రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. అంటే రోజుకు నాలుగు పోట్లకు బదులు మూడు రోజులకు ఒక పోటు. ఇది నిజంగా సుఖమే. అయితే పంపు పెట్టుకున్నా షుగర్ పరీక్ష తప్పదు. వేలు పొడిచి చూడాలి, లేదా చర్మానికి అంటించే సెన్సర్ పెట్టుకోవాలి.

ఇంకొక మాట. ఐ.సి.యు.లో మంచం పక్క స్టాండుకు బిగించిన యంత్రాన్ని చూపించి "మా ఆయనకు ఇన్సులిన్ పంపు పెట్టారు" అని కొందరు చెబుతుంటారు. అది సిరంజి పంపు. అది రక్తనాళంలోకి మందును కొలిచి పంపే యంత్రం. గంట గంటకూ షుగర్ చూసి మేము దాని వేగం మారుస్తాం. ప్రాణాపాయంలో ఉన్నవారికి అదే సరైన పద్ధతి. ఇంటికి పెట్టుకుని వెళ్లే పంపు అది కాదు. ఆ యంత్రం తీసేశారంటే వైద్యం తగ్గించారని కాదు, రోగి కోలుకున్నాడని అర్థం.

పరిశోధనలు ఏమంటున్నాయి?

మా ఆస్పత్రిలో పంపులు లేవు కాబట్టి పంపును తక్కువ చేసి చెబుతున్నామని ఎవరూ అనుకోవద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం.

2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశోధనలో, రోజూ పలుసార్లు సూదులు వేసుకుంటున్నా షుగర్ అదుపులోకి రాని రెండవ రకం రోగులు 331 మందిని రెండు గుంపులు చేశారు. ఆరు నెలల తరువాత మూడు నెలల సగటు పరీక్ష, అంటే హెచ్.బి.ఎ.1సి., పంపు వాడినవారిలో 1.1 తగ్గింది. సూదుల మీద ఉన్నవారిలో 0.4 తగ్గింది. పంపు వారికి రోజుకు సగటున 97 యూనిట్లు సరిపోతే, సూదుల వారికి 122 యూనిట్లు పట్టింది. అంటే పంపుకు మేలు ఉంది. కానీ వీరు ఇంట్లో ఉండి, నెలల తరబడి వాడినవారు. పది రోజులు వార్డులో ఉండే రోగి కథ వేరు.

2008లో చైనా నుంచి వచ్చిన పరిశోధనలో, కొత్తగా షుగర్ బయటపడిన 382 మందికి కొందరికి పంపు, కొందరికి సూదులు, కొందరికి మాత్రలు ఇచ్చారు. పంపు వారిలో 97 శాతం మంది సగటున నాలుగు రోజులలో అదుపులోకి వచ్చారు. సూదుల వారిలో 95 శాతం మంది ఐదున్నర రోజులలో వచ్చారు. మాత్రల వారిలో 84 శాతం మందికి సుమారు తొమ్మిది రోజులు పట్టింది. గమనించండి. పంపుకూ సూదులకూ మధ్య తేడా రోజున్నర మాత్రమే.

2018లో బ్రిటన్, స్విట్జర్లాండ్ ఆస్పత్రుల మామూలు వార్డులలో ఇంకా కొత్తరకం యంత్రాన్ని పరీక్షించారు. ఇందులో చర్మానికి అంటించిన సెన్సర్ షుగర్‌ను చూస్తుంటే, కంప్యూటర్ లెక్క కట్టి పంపుకు తానే చెబుతుంది. ఈ యంత్రం పెట్టిన రోగుల షుగర్ 100కూ 180కీ మధ్య నిలిచిన సమయం 66 శాతం. మామూలుగా సూదులు తీసుకున్నవారిలో అది 42 శాతం. షుగర్ పడిపోవడం మాత్రం రెండు వైపులా ఒకేలా ఉంది. ఇది చక్కటి ఫలితం. ముందు ముందు ఇవి మన వార్డులకు కూడా రావచ్చు. అయితే అక్కడ గెలిచింది ఉత్త పంపు కాదు. పంపు, సెన్సర్, కంప్యూటర్ మూడూ కలిసిన పద్ధతి.

వార్డులో పంపుతో వచ్చే ఇబ్బందులు

మొదటిది, పంపును నడిపేది రోగే. ఎంత తిన్నాను, ఎంత మోతాదు కావాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలివిగా లెక్క కట్టాలి. 103 జ్వరంలో మూలుగుతున్నవారు, మత్తులో ఉన్నవారు, మతిమరుపు ఉన్న పెద్దలు ఆ పని చేయలేరు. రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు ఆ యంత్రం గురించి నేర్పి ఉండకపోతే, అది గంట కొట్టినప్పుడు ఏం చేయాలో ఆమెకూ తెలియదు.

రెండవది, పంపులో నిలవ ఉండదు. దీర్ఘకాల సూది వేస్తే 24 గంటలు లోపల పనిచేస్తూ ఉంటుంది. పంపులో ఉన్నది మూడు నుంచి ఐదు గంటల ఇన్సులిన్. పక్క మీద దొర్లేటప్పుడు గొట్టం మడతపడినా, కాన్యులా ఊడినా, కొన్ని గంటలలోనే షుగర్ విపరీతంగా పెరుగుతుంది. సొంత ఇన్సులిన్ బాగా తగ్గిపోయినవారిలో రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి రావచ్చు.

మూడవది, ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపును తీసుకుపోకూడదు. ఎక్స్-రే, సి.టి. స్కాన్, ఆపరేషన్ సమయాలలో కూడా చాలా పంపులను తీసి పక్కన పెట్టాలి. తీసినప్పుడల్లా ఆ ఖాళీని ఎవరో ఒకరు పూడ్చాలి.

నాలుగవది ఖర్చు. పంపు ధర లక్షల్లో ఉంటుంది. అది ఒక్కసారితో పోదు. గొట్టాలు, కాన్యులాలు, డబ్బాలు నెలనెలా కొనాలి. ఆ ఖర్చు వేలల్లో. డబ్బు చాలక మధ్యలో ఆపితే కొన్న యంత్రం బీరువాలో ఉంటుంది.

సూదులతో వచ్చే ఇబ్బందులు: మా తప్పు ఒకటి

సూదుల పద్ధతి లోపాలు కూడా చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం మా వార్డులో జరిగింది. ఒక ఉదయం ఏడున్నరకు ఒక అమ్మగారికి రెగ్యులర్ ఇన్సులిన్ వేశాం. ఆమె కొడుకు క్యారేజి తెస్తానని ఇంటికి వెళ్లాడు. బస్సు దొరకలేదు. మేము ఇతర మంచాల పనిలో పడ్డాం. తొమ్మిది గంటలకు పక్క మంచం ఆమె కేకవేస్తే పరుగెత్తాం. ఆ అమ్మకు ఒళ్లంతా చెమటలు. మాట తడబడుతోంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు. షుగర్ చూస్తే 46. వెంటనే నరం ద్వారా గ్లూకోజ్ ఎక్కించాం. పావుగంటలో కళ్లు తెరిచి "టిఫిను వచ్చిందా?" అని అడిగింది. ఆమె బతికింది కానీ ఆ పావుగంట మేము మరచిపోలేదు. కొడుకుది తప్పు కాదు. తిండి వచ్చిందో లేదో చూడకుండా సూది వేసింది మేము.

ఆనాటి నుంచి మా వార్డులలో ఒక నియమం పెట్టుకున్నాం. పళ్లెం కంటికి కనబడితేనే సూది. అందుకే కొన్నిసార్లు "టిఫిను తెచ్చారా? చూపించండి" అని మా అమ్మాయిలు అడుగుతారు. విసుక్కోకండి.

ఇంకొక ప్రమాదం సిరంజిలతో వస్తుంది. మన దేశంలో దొరికే చాలా ఇన్సులిన్ సీసాలలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. వాటికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి వాడాలి. పెన్నులలోనూ, కొన్ని సీసాలలోనూ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. 100 సీసాకు నారింజ రంగు మూత సిరంజి. ఇవి తారుమారైతే ఏమవుతుందో చూడండి. 100 సీసాలోని మందును 40 సిరంజితో 10 గీత వరకు తీస్తే లోపలికి పోయేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! 40 సీసాలోని మందును 100 సిరంజితో 10 గీత వరకు తీస్తే పోయేది 4 యూనిట్లే. మందుల షాపులో కొనేటప్పుడు సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోండి.

ఒకేచోట పొడవడం మరో పొరపాటు. నొప్పి తెలియదని కొందరు రోజూ అదే చోట వేసుకుంటారు. అక్కడ కొవ్వు గడ్డకడుతుంది. ఆ గడ్డలో వేసిన ఇన్సులిన్ ఒంటికి సరిగా పట్టదు. బొడ్డుకు రెండు అంగుళాలు వదిలి, కడుపు మీద రోజుకో చోట మార్చండి.

ఎంత షుగర్ ఉంటే చాలు?

"100కు తెచ్చేయండి సిస్టర్" అంటారు కొందరు. ఆస్పత్రిలో అది మంచిది కాదు. 2009లో ఐ.సి.యు. రోగులు 6,104 మంది మీద జరిగిన పెద్ద పరిశోధనలో కొందరి షుగర్‌ను 81, 108 మధ్య గట్టిగా పట్టి ఉంచారు. మిగిలినవారికి 180 దాటకుండా చూశారు. గట్టిగా పట్టినవారిలో మూడు నెలలలో 27.5 శాతం మంది చనిపోయారు. రెండవ గుంపులో 24.9 శాతం. షుగర్ మరీ పడిపోవడం కూడా ఎక్కువైంది. అందుకే ఇప్పుడు చాలామంది రోగులకు 140 నుంచి 180 మధ్య ఉంటే మేలని వైద్యులు అంటున్నారు. 160 చూసి కంగారు పడవద్దు. 70 కంటే తగ్గితే మాత్రం క్షణం ఆగకూడదు.

పడిపోయే గుర్తులు ఇవి: చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చిరాకు, మాట తడబడడం. రోగికి తెలివి ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెరను నీళ్లలో కలిపి తాగించండి. అంటే సుమారు 15 గ్రాములు. పావుగంట తరువాత మళ్లీ షుగర్ చూడాలి. తెలివి లేనివారి నోట్లో ఏదీ పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వార్డులో అయితే వెంటనే మమ్మల్ని పిలవండి. ఇంటి దగ్గరైతే 108కు ఫోన్ చేయండి.

పంపు పెట్టుకునే ఆస్పత్రికి వచ్చేవారికి

విదేశాలలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చేవారిలోను, మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లల్లోను పంపు వాడేవారు ఇప్పుడు కనబడుతున్నారు. వారు ఆస్పత్రిలో చేరితే పంపు తీసేయాలా? తీయక్కర్లేదు. రోగి పూర్తి తెలివితో ఉండి, తానే నడపగలిగి, డాక్టరుకు దాని గురించి తెలిసి ఉంటే కొనసాగించవచ్చు. మీరు చేయవలసినవి ఇవి. చేరగానే పంపు ఉందని చెప్పండి. చొక్కా కింద దాచవద్దు. మీరు నొక్కిన ప్రతి మోతాదునూ సిస్టర్‌కు చెప్పి చార్టులో రాయించండి. మీరొక మోతాదు, మేమొక మోతాదు వేస్తే ప్రమాదం. గొట్టాలు, కాన్యులాలు ఇంటి నుంచి తెచ్చుకోండి. తీయవలసి వస్తే మీరే తీసేయకండి. దీర్ఘకాల సూది సుమారు రెండు గంటల ముందే వేసి, ఆ తరువాతే పంపు ఆపాలి.

ఉపవాస ప్రార్థన గురించి

మన కుటుంబాలలో ఆపదలో ఉన్నప్పుడు ఉపవాసముండి ప్రార్థించడం అలవాటు. రోగి కోసం కుటుంబం ఉపవాసం ఉండవచ్చు. ఇన్సులిన్ తీసుకుంటున్న రోగి మాత్రం మాకు చెప్పకుండా ఉండకూడదు. "సిస్టర్ తిడుతుంది" అని పళ్లెం పక్కవారికి ఇచ్చేసి, తిన్నానని చెప్పినవారు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. తినలేదని చెబితే మోతాదు తగ్గిస్తాం. తిట్టం.

ఆ కూతురికి మేమిచ్చిన జవాబు

ఆ రోజు ఆమెను కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పాం. "మీ నాన్నకు ఈ పది పదిహేను రోజులు కావలసింది యంత్రం కాదమ్మా. వేళకు సూది, వేళకు తిండి, రోజూ పుండు శుభ్రం చేసి కట్టు. గాజులు దాచుకో. ఇంటికి వెళ్లాక కట్టు సామానుకూ, మెత్తటి చెప్పులకూ, షుగర్ చూసే మిషన్ పట్టీలకూ డబ్బు కావాలి" అన్నాం. తమ్ముడితో ఫోన్‌లో మా డాక్టరుగారు మాట్లాడారు. అతను చెప్పిన దానిలో అబద్ధం లేదు. అక్కడ బీమా ఉంది, నేర్పేవారు ఉన్నారు, పంపు పాడైతే మార్చేవారు ఉన్నారు. ఆ మూడూ ఉన్నచోట పంపు మంచిదే.

ఐదవ రోజుకు పెద్దాయన షుగర్ 170 దగ్గర నిలిచింది. ఒక వేలు తీయవలసి వచ్చింది. పాదం నిలబడింది. రోజుకు రెండు సూదులతో ఇంటికి వెళ్లారు. రెండు నెలల తరువాత ఓ.పి.కి తానే నడిచి వచ్చారు. సూది కూతురు వేస్తోందా అని అడిగితే, "ఆమెకు చేయి వణుకుతుంది సిస్టరమ్మా, నేనే వేసుకుంటున్నా" అన్నారు. కూతురి చేతికి గాజులు ఉన్నాయి.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి, ఆస్పత్రిలో ఉన్న కొద్ది రోజులకు చాలామంది రెండవ రకం రోగులకు లెక్కప్రకారం ఇచ్చే సూదులు చాలు. పంపు లేదని మీ వారికి అన్యాయం జరిగినట్టు కాదు.

రెండు, ఇంటి దగ్గర పెద్ద మోతాదులలో పలు సూదులు వేసుకుంటున్నా షుగర్ అదుపుకు రానివారు పంపు గురించి డాక్టరును అడగవచ్చు. అయితే అప్పు చేసో, పొలం అమ్మో కొనే ముందు నెలనెలా ఖర్చు ఎంతో కూడా అడగండి.

మూడు, సూది అయినా పంపు అయినా, తిండి వేళ తప్పితే రెండూ ప్రమాదమే.

నాలుగు, రోగిని చూడటానికి వచ్చేవారు కొబ్బరి బొండాలు, పండ్ల రసాలు, స్వీట్లు తెస్తే ముందు మాకు చూపించండి. దాచి తినిపిస్తే మేము మోతాదు పెంచుతాం. రేపు ఆయన తినకపోతే అదే మోతాదు ఆయన్ను పడగొడుతుంది.

ఐదు, అనుమానం వస్తే అడగండి. రాత్రి రెండు గంటలైనా సరే. వార్డులో మమ్మల్ని అడగకూడని ప్రశ్న అంటూ ఏదీ లేదు.